పేరు తెలియని ప్రాణమిత్రుడు: పాత సహచరులను వెతకడం మాజీ సైనికులకు ఎందుకంత కష్టం?

ఏడాదిపాటు పక్కపక్కనే పడుకుని, ఒకే డబ్బాలో తిని, రాత్రిళ్ళు వంతులేసుకుని ఒకరికొకరు కాపలా కాసిన మనిషి అసలు పేరు తెలియదంటే బయటివాళ్ళు నమ్మరు. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళకు మాత్రం అది మామూలు సంగతే. చాలా సైన్యాల్లో చొక్కా మీద ఇంటిపేరు ఒక్కటే ఉంటుంది. పిలుపుకేమో ఎవడో ఎప్పుడో పెట్టిన మారుపేరు. పొట్టివాడిని పొడుగోడా అంటారు, నెమ్మదస్తుణ్ని తుఫాను అంటారు. అదే స్థిరపడిపోతుంది. ముప్పై నలభై ఏళ్ళు గడిచాక వెతకాలని బుద్ధి పుట్టేసరికి చేతిలో మిగిలేది ఆ మారుపేరు, అంచులు పసుపెక్కిన ఒక ఫొటో, 'వానలు మొదలైనప్పుడు మా దగ్గరికి వచ్చాడు, వానలు తగ్గకముందే వెళ్ళిపోయాడు' అన్నంత జ్ఞాపకం.

ఇంటర్నెట్ ఉంది కదా, ఐదు నిమిషాల పని అనుకుంటాం. చిన్ననాటి క్లాస్‌మేట్‌ను పట్టుకోవడానికి అది సరిపోతుంది కూడా. బడికి ఊరుంది, ఊళ్ళో బంధువులున్నారు, ఎవరో ఒకరు ఆచూకీ చెబుతారు. పల్టన్‌కు అలాంటి ఊరు లేదు. వందమందిని వంద చోట్ల నుంచి తెచ్చి ఒక చోట కలిపి, పని అయ్యాక మళ్ళీ వంద చోట్లకు పంపేసే ఏర్పాటది.

ఇంకో చిక్కు దీనికన్నా లోతైనది. సైన్యం తన మనుషులను నంబరుతో, యూనిట్‌తో, తేదీతో గుర్తుపెట్టుకుంటుంది. ఆ మనుషులు ఒకరినొకరు గొంతుతో, నడకతో, ఊతపదంతో గుర్తుపెట్టుకుంటారు. సహచరుణ్ని వెతకడమంటే ఈ రెండో రకం జ్ఞాపకాన్ని మొదటి రకం కాగితానికి ఎక్కడో ఒకచోట అతికించడం. అతుకు పడుతుందా లేదా అన్నది వెతికేవాడి పట్టుదలకన్నా ఎక్కువగా, ఆ సైన్యం మనుషులను ఎలా పోగుచేసి ఎలా చెదరగొట్టిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ సంగతి తెలియకుండా మొదలుపెట్టినవాళ్ళు పేరు చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోతారు.

కలిసి వెళ్ళినవాళ్ళు, ఒంటరిగా వెళ్ళినవాళ్ళు

మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటన్‌లో స్నేహితుల బెటాలియన్లు పెట్టారు. ఒకే పట్టణం వాళ్ళు, ఒకే మిల్లులో పనిచేసేవాళ్ళు కలిసి చేరితే కలిసే యుద్ధానికి పంపుతామన్నారు. అలా వెళ్ళి బతికి వచ్చినవాళ్ళకు ఒకరినొకరు వెతుక్కునే అవసరమే రాలేదు. వీధి చివరికి నడిస్తే చాలు. కానీ ఆ ఏర్పాటుకు చెల్లించిన మూల్యం దారుణం. 1916 జూలై 1న, సోమ్ యుద్ధం తొలిరోజున, ఇంగ్లండ్‌లోని అక్రింగ్టన్ పట్టణపు బెటాలియన్ నుంచి దాడికి దిగిన దాదాపు 700 మందిలో 500 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు లేదా జాడ లేకుండా పోయారు. ఒక్క ఉదయం ఊరంతటినీ దుఃఖంలో ముంచింది.

వియత్నాం యుద్ధంలో అమెరికా దాదాపు దీనికి తలకిందులుగా చేసింది. యూనిట్ అక్కడే ఉండిపోతుంది, మనుషులు ఒక్కొక్కరుగా వచ్చి పోతుంటారు. ఆర్మీ సైనికుడికి గడువు 12 నెలలు, మెరైన్‌కు (సముద్రం మీదినుంచి దాడికి దిగే దళం వాడికి) 13. ప్రతివాడికీ తన తిరుగు ప్రయాణం తేదీ మొదటిరోజే తెలుసు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్యకు ఒంటరిగా వచ్చేవాడు, ఏడాది తర్వాత ముక్కూ మొహం తెలియని వాళ్ళతో నిండిన విమానంలో ఒంటరిగా వెళ్ళేవాడు. ఒకే ప్లటూన్‌లో, అంటే ముప్పై నలభై మంది దళంలో, ఉన్నా నీ ఏడాదీ నా ఏడాదీ నాలుగు నెలలే కలిసి ఉండొచ్చు. గాయపడినవాణ్ని హెలికాప్టర్ ఎక్కించి పంపేస్తే ఆ తర్వాత బతికాడో లేదో అతని కంపెనీకి, అంటే కొన్ని ప్లటూన్లు కలిసిన దళానికి, కబురు రావడం అరుదు. అడగడానికి తీరిక లేదు. తర్వాత అడుగుదామంటే అడిగేవాడే ఇంటికి వెళ్ళిపోయాడు.

అందుకే ఆ తరం మాజీ సైనికుల వెతుకులాటలో చాలావాటికి మూలప్రశ్న 'వాడు ఎక్కడున్నాడు' కాదు, 'వాడు అసలు బతికాడా' అన్నది. దీన్ని వినోదంగా, కాలక్షేపంగా చూసేవాళ్ళు ఈ తేడా గమనించరు. యాభై ఏళ్ళుగా తేలని ప్రశ్న ఒకటి మనిషి లోపల కూర్చుని ఉంటుంది.

వాషింగ్టన్‌లో 1982లో కట్టిన వియత్నాం స్మారకాన్ని ఈ కోణంలో చూడాలి. నల్లరాతి గోడ మీద 58,000కు పైగా పేర్లున్నాయి. రూపకర్త మాయా లిన్ వాటిని అక్షరక్రమంలో కాకుండా ప్రాణనష్టం జరిగిన తేదీల వరుసలో పెట్టించింది. అక్షరక్రమం లేకపోతే పేరు ఎలా దొరుకుతుందని అప్పట్లో అభ్యంతరాలు వచ్చాయి. కానీ అక్షరక్రమంలో ఉంటే ఒకే పేరున్నవాళ్ళు ఒకచోట చేరతారు, ఒకే రోజు కలిసి పోయినవాళ్ళు విడిపోతారు. తేదీల వరుస వల్ల మారుపేరు తప్ప మరేమీ తెలియని మనిషి కూడా ఆ వారం పోయినవాళ్ళ పేర్లున్న పలక ముందుకు వెళ్ళి నిలబడగలడు. అక్కడున్న ఇంటిపేర్లలో ఏదైనా గుర్తుకొస్తుందేమో చూసుకోగలడు. అక్షరక్రమంలో వెతకాలనుకునేవాళ్ళకు విడిగా ఒక పేర్ల పుస్తకం ఉంది. సైనికుల జ్ఞాపకం పేరు మీద కాదు, రోజు మీద నిలబడి ఉంటుందని ఆ గోడ పట్టుకున్నంత సూటిగా ఏ దస్త్రాల విభాగమూ పట్టుకోలేదని నా అభిప్రాయం.

బ్రిటిష్ పద్ధతి నుంచి వచ్చిన రెజిమెంటు వ్యవస్థలో, భారత సైన్యం సహా, పరిస్థితి కాస్త నయం. భారత్‌లో 2022లో నాలుగేళ్ళ అగ్నిపథ్ పద్ధతి వచ్చేదాకా, జవాను ఒక రెజిమెంటులో చేరితే మామూలుగా పదవీ విరమణ దాకా అందులోనే ఉండేవాడు. ఆ రెజిమెంటుకు ఒక కేంద్రం, ఒక రికార్డ్ ఆఫీసు ఉంటాయి. బెటాలియన్ ఆవిర్భావ దినానికి పాతవాళ్ళు వస్తారు. అయితే ఇక్కడా ఒక సందు ఉంది. ఆ బెటాలియన్‌తో రెండేళ్ళు బతికిన వైర్‌లెస్ ఆపరేటరు, నర్సింగ్ అసిస్టెంటు, బండ్లు బాగుచేసే మెకానిక్ వేరే కోర్ల (ఒక్కో పనికి విడిగా ఉండే సైనిక విభాగాల) వాళ్ళు. జ్ఞాపకంలో వాళ్ళు 'మనవాళ్ళే', కాగితం మీద అక్కడ తాత్కాలికంగా ఉన్నవాళ్ళు. రెజిమెంటు రికార్డులో వాళ్ళ కోసం వెతికి లేరనుకుని ఆగిపోయేవాళ్ళు చాలామంది. వాళ్ళ సొంత కోర్ రికార్డ్ ఆఫీసును అడగాలి.

నౌకాదళం వాళ్ళది అందరికన్నా సులువు. ఓడకు ఒక పేరుంటుంది, ఆ పేరు మామూలుగా మారదు, అందులో ఎవరెవరున్నారో జాబితా ఉంటుంది. ఓడను ముక్కలు చేసి అమ్మేశాక కూడా దాని పేరు మీద పాతవాళ్ళ సంఘాలు దశాబ్దాలు నడుస్తాయి.

కొత్తగా ఎవరూ చేరని జాబితా ఎంత బలమైనదో చెప్పడానికి డూలిటిల్ దళాన్ని మించిన ఉదాహరణ లేదు. 1942 ఏప్రిల్ 18న అమెరికా విమానవాహక నౌక మీదినుంచి లేచి జపాన్ మీద బాంబులు వేసిన 80 మంది. యుద్ధం తర్వాత బతికున్నవాళ్ళు ఏటా కలిసేవారు. 1959లో టూసాన్ నగరం వాళ్ళకు 80 వెండి గ్లాసులు బహూకరించింది. ఒకరు పోయినప్పుడల్లా ఆ పేరున్న గ్లాసును బోర్లించేవారు. 2013 నవంబరులో చివరి సమావేశం జరిగింది. అప్పటికి నలుగురే మిగిలారు. ఆఖరివాడు రిచర్డ్ కోల్ 2019లో 103 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఆ 80 మందిలో ఎవరూ తప్పిపోలేదంటే, అది ఒక్క స్నేహం గొప్పతనమే కాదు. ఆ పనిలో ఎవరున్నారో, ఎవరు లేరో అనే గీత స్పష్టంగా ఉంది. మామూలు కాల్బలం కంపెనీకి ఆ గీత ఉండదు. అది రోజూ మారుతుంది.

కాగితం కూడా తప్పుదారి పట్టిస్తుంది. 1945లో ఐరోపాలో యుద్ధం ముగిశాక అమెరికా ఎవరిని ముందు ఇంటికి పంపాలో తేల్చడానికి పాయింట్లు లెక్కగట్టింది. 85 పాయింట్లు, ఆపైన వచ్చినవాళ్ళు ముందు. అలాంటివాళ్ళను వాళ్ళ సొంత డివిజన్ల నుంచి తీసి, ఇంటికి బయలుదేరుతున్న వేరే డివిజన్లలో వేశారు. ఆ మనిషి విడుదల పత్రం మీద ఉన్నది ఆ చివరి యూనిట్ పేరు. కొడుకో కూతురో ఆ కాగితం పట్టుకుని వెతికితే, తండ్రి ఓడ ఎక్కడానికి కొద్ది వారాలు ఉన్న యూనిట్ వాళ్ళు దొరుకుతారు. అతనితో కలిసి పోరాడినవాళ్ళు ఆ జాబితాలోనే ఉండరు.

కాలిపోయిన దస్త్రాలు

1973 జూలై 12న అమెరికాలోని సెయింట్ లూయిస్ దగ్గర ఉన్న సైనిక సిబ్బంది రికార్డుల కేంద్రం ఆరో అంతస్తులో మంటలు లేచాయి. కోటీ 60 లక్షల నుంచి కోటీ 80 లక్షల దాకా ఫైళ్ళు పోయాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి మధ్య విడుదలైన ఆర్మీ వాళ్ళ రికార్డుల్లో 80 శాతం బూడిదయ్యాయి. వైమానిక దళానికైతే 1947 సెప్టెంబరు నుంచి 1964 జనవరి మధ్య విడుదలైనవాళ్ళలో, అక్షరక్రమంలో 'హబ్బర్డ్, జేమ్స్ ఇ.' తర్వాత వచ్చే పేర్లలో 75 శాతం. నకళ్ళు లేవు, మైక్రోఫిల్మ్ లేదు, ఏ ఫైళ్ళు ఉండేవో చెప్పే సూచిక కూడా లేదు. వైమానిక దళంలో ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి ఒక మనిషి సైనిక జీవితం కాగితం మీద మిగిలిందా లేదా తేలిపోయింది.

బ్రిటన్‌కు అంతకుముందే ఈ దెబ్బ తగిలింది. 1940లో లండన్ మీద పడిన జర్మన్ బాంబులకు మొదటి ప్రపంచ యుద్ధపు సైనికుల సర్వీసు రికార్డుల్లో సుమారు 60 శాతం తగలబడ్డాయి. మిగిలినవాటిని అక్కడి వాళ్ళు ఇప్పటికీ 'కాలిన దస్త్రాలు' అనే అంటారు.

ఇది చరిత్రకారుల బాధే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. ఫైలు పోయినవాడు పెన్షన్ కోసమో, గాయం తాలూకు వైద్యం కోసమో దరఖాస్తు పెడితే రుజువు అడుగుతారు. రుజువు కాలిపోయింది. అప్పుడు మిగిలే సాక్ష్యం పక్కనున్న మనిషి. 'ఫలానా నెలలో ఫలానా చోట పేలుడు జరిగినప్పుడు ఇతను నా పక్కనే ఉన్నాడు' అని ఒక సహచరుడు సంతకం పెట్టి ఇచ్చే వాంగ్మూలాన్ని అమెరికా మాజీ సైనికుల శాఖ సాక్ష్యంగా పరిశీలిస్తుంది. పాత స్నేహితుణ్ని వెతికేవాళ్ళందరూ కబుర్ల కోసమే వెతుకుతున్నారనుకోవడం పొరపాటు. కొందరికి ఒక సంతకం కావాలి. అది అడగడానికి మొహమాటపడి, ముందు కుశలప్రశ్నలు వేసి, మూడో ఉత్తరంలో అసలు సంగతి చెప్పేవాళ్ళుంటారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందో నాకు అర్థం కాదు.

కొత్త చట్టాలు వచ్చినప్పుడల్లా ఈ వెతుకులాట ఒక్కసారిగా ఊపందుకుంటుంది. వియత్నాం తీరానికి దూరంగా ఓడల మీద పనిచేసినవాళ్ళకు కూడా అడవుల ఆకులు రాల్చడానికి చల్లిన ఏజెంట్ ఆరెంజ్ రసాయనం ప్రభావం తగిలినట్టు భావించాలని 2019లో అమెరికా చట్టం చేసింది. తీరం వెంబడి చట్టం గీసిన గీత నుంచి 12 నాటికల్ మైళ్ళ లోపు ఉన్నారా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ఓడ ఎక్కడుందో రోజూ రాసే డెక్ లాగ్‌లో ఉంటుంది. ఇరాక్, అఫ్గానిస్తాన్ లాంటి చోట్ల స్థావరాల్లో చెత్త తగలబెట్టిన గుంతల పొగ పీల్చినవాళ్ళ కోసం 2022లో పాక్ట్ చట్టం వచ్చినప్పుడూ అంతే. ఎవరు ఏ నెలలో ఏ స్థావరంలో ఉన్నారన్నది మళ్ళీ ముందుకు వచ్చింది.

అడ్డం పడే గోప్యత

రికార్డు మిగిలి ఉన్నా దాన్ని పూర్తిగా చూపించరు. ఇది అన్యాయంగా అనిపిస్తుంది, కానీ కారణం ఉంది. అమెరికా ఆర్మీ, వైమానిక దళం 1969 జూలై 1 నుంచి సర్వీసు నంబర్లు ఆపేసి వాటి స్థానంలో సోషల్ సెక్యూరిటీ నంబరు వాడాయి. నౌకాదళం, మెరైన్లు 1972లో అదే దారి పట్టాయి. దాంతో ఆ తర్వాత దశాబ్దాలపాటు ప్రతి బదిలీ ఉత్తర్వు మీదా, ప్రతి జాబితా మీదా పేరు పక్కన ఆ నంబరు పడింది. బ్యాంకు ఖాతాకూ పన్నుకూ అదే నంబరు. అప్పట్లో ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. ఇప్పుడు ఆ జాబితాలను బయటపెడితే పాతికమంది ముసలివాళ్ళ గుర్తింపును దొంగల చేతికి ఇచ్చినట్టే. పెట్టె అడుగున పాత ఉత్తర్వు దొరికిందని ఉత్సాహంగా ఫొటో తీసి పదిమందికి పంపేవాళ్ళు ముందు ఆ అంకెలను నల్లసిరాతో పూర్తిగా కొట్టేయాలి.

ప్రభుత్వాలు పాటించే సూత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. మనిషి ఎక్కడెక్కడ పనిచేశాడో కొంత చెబుతారు, ఇప్పుడు ఎక్కడున్నాడో చెప్పరు. అమెరికాలో బతికున్న మాజీ సైనికుడి హోదా, సర్వీసు తేదీలు, పోస్టింగులు, పతకాలు అడిగినవాళ్ళకు ఇస్తారు, చిరునామా మాత్రం ఇవ్వరు. సైన్యం నుంచి విడుదలై 62 ఏళ్ళు నిండితే ఫైలు అందరికీ తెరుస్తారు. భారత్‌లో సమాచార హక్కు చట్టం 2005లోని సెక్షన్ 8(1)(జె) వ్యక్తిగత సమాచారానికి అడ్డుగోడ. దరఖాస్తు పెట్టి, 'వ్యక్తిగతం' అన్న ఒక్కమాట జవాబుగా అందుకుని కోపం తెచ్చుకునే ముందు ఒకటి ఆలోచించాలి. మనం వెతుకుతున్నవాడికి మనం దొరకాలని ఉందో లేదో ఆ గుమస్తాకు తెలియదు. మనకూ తెలియదు.

ఈ చిక్కుకు పనికొచ్చే మధ్యేమార్గం ఉత్తరం చేరవేయడం. చిరునామా అడగకుండా, 'ఈ ఉత్తరాన్ని అతనికి అందజేయండి' అని సంఘాన్నో, పెన్షన్ వ్యవహారాలు చూసే కార్యాలయాన్నో కోరడం. అన్ని చోట్లా ఒప్పుకోరు. ఒప్పుకున్న చోట మాత్రం ఇంతకన్నా మర్యాదైన దారి లేదు. తలుపు తీయాలా వద్దా అన్న నిర్ణయం లోపలున్నవాడి చేతిలోనే ఉంటుంది.

తేదీ పట్టుకుని లాగడం

పేరు తెలియదు, చిరునామా చెప్పరు. మరి దారేది? తేదీ.

అమెరికా ఆర్మీ కంపెనీలు 1970ల మధ్య దాకా రోజూ మార్నింగ్ రిపోర్టు రాసేవి. అందులో కంపెనీ అందరి పేర్లూ ఉండవు. ఆరోజు ఎవరి స్థితి మారిందో వాళ్ళ పేర్లే ఉంటాయి. కొత్తగా వచ్చినవాడు, ఆసుపత్రికి వెళ్ళినవాడు, గాయపడినవాడు, సెలవు మీద పోయినవాడు. పైకి అరకొరగా కనిపించే ఈ పద్ధతి వెతికేవాడికి వరం. 'వానలు మొదలైన వారంలో కాలికి దెబ్బ తగిలి వెళ్ళిపోయాడు' అన్న జ్ఞాపకం ఉంటే ఆ వారం రిపోర్టుల్లో ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు నలుగురో ఐదుగురో ఉంటారు. వాళ్ళలో ఒకడు మనవాడు. మారుపేరుకు అసలు పేరు అక్కడ దొరుకుతుంది. సెయింట్ లూయిస్ మంటల్లో కాలింది సిబ్బంది ఫైళ్ళు. ఈ రిపోర్టులు విడిగా ఉండటం వల్ల, కాలిపోయిన ఫైళ్ళను మళ్ళీ అల్లడానికి ఇవీ ఒక ఆధారమయ్యాయి. ఇతర సైన్యాల్లో యూనిట్ వార్ డైరీలు, ఓడ లాగ్‌లు ఇలాంటి పనికే వస్తాయి. వార్ డైరీలో అధికారుల పేర్లు కనిపించినంతగా మామూలు సిపాయిల పేర్లు కనిపించవు, కానీ ఏరోజు యూనిట్ ఎక్కడుందో రూఢి అవుతుంది.

ఇంట్లో ఉన్నదాన్ని తక్కువగా అంచనా వేస్తాం. అప్పట్లో ఇంటికి రాసిన ఉత్తరాలు అన్నిటికన్నా విలువైనవి. తోటివాళ్ళతో మారుపేర్లతో మాట్లాడినవాడు అమ్మకు రాసేటప్పుడు మాత్రం 'నా పక్కన ఫలానా ఊరబ్బాయి ఉన్నాడు' అని పూర్తి పేరూ ఊరూ రాసి ఉంటాడు. ఫొటోలో మొహాలకన్నా వెనకాల బండి మీద వేసిన నంబరు, భుజం మీద గుర్తు ఎక్కువ చెబుతాయి. పతకాల ఉత్తర్వులో ఒకే సంఘటనకు పతకం పొందిన మిగతావాళ్ళ పేర్లు కలిసే ఉండవచ్చు.

అందరికన్నా ముందు వెతకాల్సినవాడు మన ప్రాణమిత్రుడు కాదంటాను. కంపెనీ గుమస్తాను వెతకాలి. జీతాలు, సెలవులు, ఉత్తరాలు అతని చేతిమీదుగా నడిచాయి. అతనికి మనుషులు అసలు పేర్లతో తెలుసు. మనం వాడితో నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండం, కానీ తీగ లాగితే డొంకంతా కదిలేది అక్కడే.

మహిళా సైనికుల విషయంలో అదనంగా ఒక గోడ ఉంది. పెళ్ళి తర్వాత ఇంటిపేరు మారినవాళ్ళు సర్వీసు రికార్డులో ఒక పేరుతో, బయటి ప్రపంచంలో మరో పేరుతో ఉంటారు. సైనిక ఆసుపత్రుల్లో పనిచేసిన నర్సులకైతే రెండువైపులా చీకటే. తమతో పనిచేసినవాళ్ళ కొత్త పేర్లు తెలియవు. తాము కాపాడినవాళ్ళ పేర్లు తెలుసుకునేలోపే మంచాలు ఖాళీ అయ్యేవి.

యూనిఫాం లేని సహచరులు

కలిసి పనిచేసినవాళ్ళంటే మన సైన్యం వాళ్ళే అని మొదట అనిపిస్తుంది. అఫ్గానిస్తాన్, ఇరాక్ యుద్ధాల తర్వాత ఆ లెక్క మారింది. గస్తీకి వెళ్ళిన ప్రతిసారీ పక్కన ఒక దుబాసీ ఉండేవాడు. కుటుంబానికి ప్రమాదం రాకూడదని అతని అసలు పేరు వాడేవారు కాదు. సైనికులే ఏదో ఒక పొట్టి పేరు పెట్టి పిలిచేవారు. అమెరికా 2009లో చేసిన చట్టం ప్రకారం అలా పనిచేసిన అఫ్గాన్లు ప్రత్యేక వీసాకు అర్హులయ్యారు. కానీ దరఖాస్తుకు ముఖ్యంగా రెండు కాగితాలు కావలసి వచ్చేవి: ఉద్యోగం చేశాడని యజమాని ఇచ్చేది, మంచి సేవ చేశాడని పై అధికారి ఇచ్చేది. అతన్ని పెట్టుకున్న కాంట్రాక్టు కంపెనీ మూతపడి ఉండవచ్చు. పై అధికారి ఆరు నెలలుండి వెళ్ళిపోయిన ఒక కెప్టెన్, అతని ఇంటిపేరొక్కటే తెలుసు.

అంటే ఇక్కడ వెతుకులాట తిరగబడింది. దుబాసీ తన పాత కెప్టెన్‌ను వెతుకుతాడు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ చేతికి చిక్కినప్పుడు మాజీ సైనికులు ఫోన్లలో గుంపులు కట్టి తమ పాత దుబాసీల ఆచూకీ కోసం రాత్రింబవళ్ళు తంటాలు పడ్డారు. ముసలితనపు తీరిక కాదది, గంటల్లో తేలాల్సిన వ్యవహారం. అక్కడ కూడా పని చేసింది తేదీ, చోటు. 'ఫలానా ఏడాది ఫలానా లోయలో ఫలానా బెటాలియన్‌తో ఉన్నాను' అని చెప్పగలిగినవాడికి అధికారి దొరికే అవకాశం ఎక్కువ.

సైనిక కుక్కల విషయం చెబితే నవ్వొస్తుంది. అమెరికాలో 2000లో చట్టం వచ్చాక సర్వీసు ముగిసిన కుక్కలను దత్తత తీసుకోవచ్చు. పాత హ్యాండ్లర్లు తమ కుక్క కోసం వెతికినప్పుడు ఇబ్బంది తక్కువ, ఎందుకంటే ప్రతి కుక్క చెవిలో పచ్చబొట్టుగా ఒక అక్షరం, మూడు అంకెలు ఉంటాయి. మారుపేరు గొడవ లేదు.

జవాబు రాని ఉత్తరం

మనిషి దొరికాడు, ఉత్తరం అందింది, జవాబు లేదు. వెతికినవాళ్ళను అన్నిటికన్నా ఎక్కువగా నొప్పించేది ఇదే. 'నన్ను మరచిపోయాడు' అనుకుంటారు. తరచూ జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. యుద్ధపు మానసిక గాయానికి, 1980లో పీటీఎస్‌డీ అన్న పేరుతో వైద్యశాస్త్రం గుర్తించిన దానికి, ముఖ్యమైన లక్షణాల్లో ఒకటి తప్పించుకు తిరగడం. ఆ రోజులను గుర్తుచేసే చోట్లకు, వాసనలకు, మనుషులకు దూరంగా ఉండటం. మన మొహం అతనికి ఒక స్నేహితుడి మొహం మాత్రమే కాదు, ఒక రోజు తాలూకు తలుపు. మనకు ఊరటనిచ్చే కలయికే అతనికి నిద్ర లేని నెలరోజులు కావచ్చు.

వయసు కూడా ఇందులో పాత్ర వహిస్తుంది. ఉద్యోగం, పిల్లలు, అప్పులు తలమీద ఉన్నంతకాలం పాత సంగతులు పైకి రావు. అవి తగ్గాక, అరవైల్లో డెబ్బైల్లో, తీరికతోపాటు జ్ఞాపకాలు తిరిగొస్తాయి. కొందరికి అది వెతుకులాటగా మారుతుంది, కొందరికి తలుపు మూసుకోవడంగా. ఒకే ప్లటూన్‌లో ఇద్దరూ ఉంటారు.

కాబట్టి మొదటి ఉత్తరం పొట్టిగా ఉండాలి. నేనెవరు, ఏ కంపెనీ, ఏ నెలలు, నన్ను ఏ పేరుతో పిలిచేవారు. బాగున్నావా. జవాబు ఇవ్వకపోయినా ఏమీ అనుకోను. ఇంతే. యుద్ధం ఊసు, చనిపోయినవాళ్ళ పేర్లు, ఆ రాత్రి సంగతి ఏవీ వద్దు. సంతకం కావాలంటే దాచకుండా అదే ఉత్తరంలో రాయడం మేలు. ఒకసారి రాసి ఊరుకోవాలి. మళ్ళీ రాయాలనిపిస్తే చాలాకాలం ఆగి రాయాలి. రెండో ఉత్తరానికి జవాబిచ్చేవాళ్ళుంటారు. వారం వారం ఫోన్ చేసేవాడికి ఇచ్చేవాళ్ళు తక్కువ.

మోసగాళ్ళూ ఈ దారిలోనే కాపు కాస్తారు. సైనికుడి ఫొటో దొంగిలించి ప్రేమ పేరుతో డబ్బు గుంజేవాళ్ళు, ఎన్నడూ లేని యూనిట్‌లో ఉన్నానని చెప్పుకునేవాళ్ళు. విడుదల పత్రాన్ని ఎవరికీ బొమ్మ తీసి పంపకూడదు. అవతలివాడు నిజంగా అక్కడున్నవాడో కాదో తెలుసుకోవడానికి కాగితాలు అక్కర్లేదు. వంటవాడి మారుపేరు, నీళ్ళ ట్యాంకు ఎటువైపు ఉండేది, ఇలాంటి అల్పమైన సంగతి ఒకటి అడిగితే చాలు. యుద్ధాల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. నీళ్ళ ట్యాంకు ఉండదు.

సంఘాలూ ముసలివవుతాయి

కలిపేవాళ్ళు సంఘాలే అనుకుంటే, ఆ సంఘాలూ శాశ్వతం కావు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున పోరాడినవాళ్ళ సంఘం 1866లో పుట్టింది. ఒకప్పుడు సభ్యులు నాలుగు లక్షలు దాటారు. ఆఖరి సభ్యుడు పోవడంతో 1956లో ముగిసింది. 1913లో గెటిస్‌బర్గ్‌లో, అంతర్యుద్ధంలో అక్కడ జరిగిన పోరుకు యాభై ఏళ్ళు నిండినప్పుడు, రెండు పక్షాల నుంచీ 50,000కు పైగా మాజీ సైనికులు కలిశారు. ఎదురుగా నిలబడి కాల్పులు జరిపినవాళ్ళను కూడా వెతుక్కుంటూ వచ్చారన్నమాట. ఆరోజు అక్కడ ఎవరున్నారో తెలిసినవాళ్ళు లోకంలో ఆ రెండు పక్షాలవాళ్ళే కదా. బ్రిటన్‌లో, 1944 నార్మండీ పోరులో పాల్గొన్న మాజీ సైనికుల సంఘం 1981లో మొదలై 2014లో జెండా దించింది. ఓపికున్నవాళ్ళు మిగల్లేదు.

సంఘం మూతపడేటప్పుడు దాని సభ్యుల జాబితా ఏమవుతుందన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కార్యదర్శి ఇంట్లో అటక మీద చేరుతుంది, ఆయన పోయాక పాతకాగితాల్లో కలుస్తుంది. మ్యూజియానికో ఆర్కైవ్స్‌కో అప్పగించిన సంఘాలు తెలివైనవి. రెండో తరం వాళ్ళకు ఆ జాబితాయే దారి చూపిస్తుంది.

రెండో తరం వెతుకులాట ఇప్పుడు పెరుగుతోంది. తండ్రి బతికున్నప్పుడు యుద్ధం గురించి నోరు విప్పలేదు. పోయాక పెట్టెలో ఫొటోలు దొరికాయి. 'ఇందులో ఉన్నవాళ్ళెవరైనా మా నాన్న గురించి చెబుతారా' అన్నది వాళ్ళ ప్రశ్న. అటువైపు బతికున్న సహచరుడికి ఇది తేలికైన ఉత్తరం. స్నేహితుడితో మాట్లాడలేనివాడు కూడా స్నేహితుడి కూతురితో మాట్లాడగలుగుతాడు, ఆమెకు కావలసింది నాన్న ఎలా నవ్వేవాడన్నదే కాబట్టి. మరణవార్తలు, సమాధుల రికార్డులు ఈ దశలో బాగా పనికొస్తాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన 17 లక్షల మంది ఉన్నారు.

ఫైలు తెప్పించుకోవాలంటే మాత్రం బంధుత్వం లెక్క చూస్తారు. అమెరికా రికార్డుల కేంద్రం దృష్టిలో చనిపోయిన సైనికుడి దగ్గరి బంధువులంటే మళ్ళీ పెళ్ళి చేసుకోని జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, కొడుకులు, కూతుళ్ళు, తోబుట్టువులు. మనవలు ఆ జాబితాలో లేరు. తాతగారి మీద ఎంత ఆసక్తి ఉన్నా మనవడు 62 ఏళ్ళ గడువు నిండేదాకా అరకొర వివరాలతో సరిపెట్టుకోవాలి, లేదా దరఖాస్తు తాను నింపి, కింద సంతకం అమ్మ చేతో నాన్న చేతో పెట్టించాలి.